మూడో రెక్క

1956 ఎండాకాలం తర్వాత మా అన్న ఏసురాజు మళ్ళీ విమానం ఎక్కలేదు. మా నాయన దాసన్న ఆ జూలై తర్వాత మళ్ళీ సుత్తి పట్టలేదు. ఆ తర్వాత ఇద్దరూ చాలా ఏళ్ళు బతికారు. ఆ సంగతి ఒకరినొకరు అడగడం నేను వినలేదు.

అప్పటికి కర్నూలు ఇంకా రాజధాని. మా ఊరు కడపకు పడమట, ఎర్రగుంట్ల స్టేషనుకు నాలుగు మైళ్ళు. ఊరి చుట్టూ బండల గనులు. ఊరికి ఉత్తరాన యుద్ధకాలంలో వేసిన రన్‌వే ఉంది. పొడవు మైలుకు కొంచెం తక్కువ. యుద్ధం అయిపోయాక అక్కడికి విమానం రాలేదు. ఊరివాళ్ళు దాని మీద వేరుశనక్కాయలు, కొర్రలు ఆరబోసుకునేవాళ్ళు.

ఏప్రిల్ చివరి వారంలో రెండు మిలిటరీ లారీలు వచ్చాయి. గుడారాలు లేచాయి. మే ఏడున విమానం దిగింది. సైన్యానికి సరుకులు మోసే రెండింజన్ల విమానం. దానికి కొత్త రకం పంకా బిగించి పరీక్ష చేస్తారని చెప్పారు. ప్రొపెల్లర్ అనే మాట గుడారాల్లోనే ఉండేది. ఊళ్ళో అందరికీ అది పంకా.

విమానంతో వచ్చిన ఇద్దరు ఫిట్టర్లలో ఒకడు మా అన్న. ఎనిమిదేళ్ళ సర్వీసు. భుజం కింద హోదా తెలిపే రెండు పట్టీలు. ఈ పరీక్షలు సవ్యంగా ముగిస్తే మూడో పట్టీ, దాంతోపాటు క్వార్టర్సు వస్తాయని ఆఫీసరు చెప్పాడు. క్వార్టర్సు వస్తే వదినను తీసుకుపోవచ్చు. వాళ్ళకు పెళ్ళయి నాలుగేళ్ళు. వదిన సంతోషమ్మది రాయచోటి. ఆ నాలుగేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. అప్పుడు ఆమెకు ఎనిమిదో నెల.

నాకు ఇరవై రెండేళ్ళు. ఎస్సెసెల్సీ పాసయి ఖాళీగా ఉన్నాను. అన్న మాట మీద హాజరు గుమాస్తా పని దొరికింది. తెల్లవారగానే నలభై మంది కూలీలను వరసగా నడిపించి రన్‌వే మీద రాళ్ళు ఏరించాలి. గోలీకాయంత రాయి లేచి తగిలినా పంకా రెక్క చెడుతుంది. గేటు దగ్గర పాసులు రాయడం కూడా నా పనే. పాసు లేనివాళ్ళు లోపలికి రాకూడదు. పాసు ఉన్నవాళ్ళు విమానాన్ని తాకకూడదు.

మొదటి వారంలో అన్న నన్ను విమానం చుట్టూ తిప్పి చూపించాడు.

"ఇంత దూరం ఈడికెందుకు తెచ్చినారన్నా?" అని అడిగాను.

"కొండల్లో ఉండే మనోళ్ళకు బియ్యం, మందులు మోయాల. కొండల మీద గాలి పలచన. పంకాకు పట్టు దొరకదు. ఎండకు కూడా గాలి పలచనవుతాది. మే నెల్లో మన కడప ఎండను మించింది యాడుంది?"

ఎడమ ఇంజనుకు పాత పంకా ఉంది. దాని రెక్కలు గట్టి అల్యూమినియం. కుడి ఇంజనుకు కొత్తది. ఉక్కు రేకుతో చేసిన మూడు రెక్కలు, లోపల డొల్ల, అందులో రబ్బరు నింపారు. పాతదాని కంటే వెడల్పు. రెండూ పక్కపక్కన తిరిగితే తేడా తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ప్రతి పరీక్షకు ముందు ఫిట్టరు పంకాను చూసి ఫారం మీద సంతకం పెడతాడు. సంతకం పెట్టినవాడు ఆ విమానంలో ఎక్కాలి. కొత్త పంకా అన్న చేతి కిందది. కురువిల్లా అనే రెండో ఫిట్టరుది ఎడమ పక్క.

"ఊరికే సంతకం పెట్టకుండా ఈ రూలు పెట్టినారు. నాయనకు చెప్పు, నవ్వుతాడు" అన్నాడు.

చెప్పాను. నాయన నవ్వలేదు. "మంచి రూలు" అన్నాడు.

*

పరీక్షలు మూడు. మొదట మూడువేల పౌన్ల బరువుతో, తర్వాత నాలుగున్నర వేలతో, చివరిది ఆరువేలతో. చివరిదానికి ఫారన్‌హీటు లెక్కన నూటపది డిగ్రీల ఎండ కావాలి.

మొదటిసారి ఇసుక మూటలు వేశారు. గాలిలో ఒక మూట పిగిలి ఇసుక అంతా విమానం లోపల పరుచుకుంది. ఇంకేదైనా బరువు చూడమన్నాడు ఆఫీసరు, స్క్వాడ్రన్ లీడర్ చటర్జీ. అన్న మా బండల మాట చెప్పాడు. రెండడుగుల చదరం, అంగుళమున్నర మందం ఉన్న నాపబండ ఎనభై ఐదు పౌన్లు తూగుతుంది. యాభై మూడు బండలు అడిగారు. అలా మా నాయన విమానం దగ్గరికి వచ్చాడు.

మా నాయన గనిలో మేస్త్రీ. బండను కొట్టి వినడం ఆయన పని. చిన్న సుత్తితో నాలుగు మూలలా ఒక్కోసారి, నడుమ ఒకసారి తట్టేవాడు. ఖంగుమంటే మంచిది. దబ్బుమంటే లోపల నెర్రె ఉన్నట్టు. అలాంటిదాన్ని మూగబండ అనేవాళ్ళు. ఆయన వినకుండా మా గని నుంచి బండి కదిలేది కాదు. ముప్పై ఏళ్ళలో ఆయన మంచిదన్న బండ దారిలో పగిలిందని ఎవరూ వెనక్కి తేలేదు.

బండలు దించిన రోజు మా గని బండివాడు సుంకన్న తోలుకొచ్చాడు. నాయన ఒక్కోదాన్నీ తట్టి లోపలికి పంపుతుంటే ఎద్దులను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా దాసన్నా, ఇమానమెక్కే బండకు కూడా పెండ్లిచూపులేనా? గనిలో ఒకతూరి చూసినావు గదా."

"బండి కుదిపింది గదప్పా. దారిలో ఏమైందో ఎవరికి తెల్సు" అన్నాడు నాయన.

ముప్పై ఒకటో బండను పక్కన పెట్టమన్నాడు. చటర్జీ అక్కడే ఉన్నాడు. ఎందుకని అడిగాడు. అన్న తెలుగులో నాయనకు, ఇంగ్లీషులో ఆఫీసరుకు చెప్పాడు.

నాయన బొగ్గు ముక్క తీసి బండ మీద ఒక మూల నుంచి నడుమ దాకా గీత గీశాడు. "దీన్ని కింద ఎత్తేయమని చెప్పు" అన్నాడు. ఇద్దరు జవాన్లు ఎత్తి వేశారు. బండ గీత వెంబడి విరిగింది.

చటర్జీ రెండు ముక్కలూ తిప్పి చూశాడు. తర్వాత నాయనకు సిగరెట్టు ఇచ్చాడు. నాయన తాగడు. చెవి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చి మాకు చూపించాడు. ఆ రోజు నుంచి గుడారాల్లో ఆయనను డాక్టర్ అని పిలిచేవాళ్ళు. "మీ నాన్న చెవి మా దగ్గర ఉన్న ఏ మిషన్‌కూ లేదు" అని కురువిల్లా అన్నతో అన్నాడు. అన్న ఆ మాట ఇంట్లో రెండుసార్లు చెప్పాడు.

రెండో పరీక్ష జరిగింది. విమానం ముప్పై నిమిషాలు తిరిగి దిగింది. అన్న దిగి నవ్వుతూ వచ్చాడు. బండలను లోపలే ఉంచేశారు.

*

మూడో పరీక్షకు ఇంకా పదిహేడు బండలు కావాలి. మే ఇరవై ఆరు, శనివారం పొద్దున వాటిని తెచ్చారు. నాయనకు పాసు నేనే రాశాను. బండలు ఎక్కించేంతవరకు అని అందులో ఉంది.

ఏడు గంటలకు పని అయిపోయింది. విమానం వాళ్ళు టీ తాగడానికి గుడారంలోకి పోయారు. సెంట్రీ విమానం అవతలి రెక్క నీడలో బీడీ ముట్టించుకుంటున్నాడు. కుడి ఇంజను ముందు ఫిట్టర్ల నిచ్చెన అలాగే ఉంది. నాయన దాని దగ్గరికి నడిచాడు.

"పోదాం పా నాయనా" అన్నాను.

"మీ అన్న దీని మీదనే గదా సంతకం పెట్టేది?"

"దీని మీదనే."

నిచ్చెన ఎక్కాడు. సుత్తిని తిప్పి పట్టుకున్నాడు. ఇనుము తన వైపు, కట్టె పిడి రెక్క వైపు. నేను వద్దని ఇంకోసారి అనలేదు. నాకూ వినాలనిపించింది.

మొదటి రెక్కను మొదలు దగ్గర తట్టాడు. రెండోదాన్ని తట్టాడు. మూడోదాన్ని తట్టి ఆగాడు. మళ్ళీ మొదటిదానికి వచ్చి మూడూ తట్టాడు. నాకు కూడా తేడా తెలిసింది. మూడోది వేరేగా ఉంది. మూత పెట్టిన కుండను తట్టినట్టుంది.

నాయన దిగాడు.

"మూడోది పలకలేదు" అన్నాడు.

"అవి బండలు కాదు నాయనా. లోపల డొల్ల. రబ్బరు పెట్టినారంట."

"డొల్లదయితే మూడూ డొల్లగా పలకాల గదరా."



*

అన్న రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చి అన్నం తిని పోయేవాడు. ఆ రోజు నాయన అన్నం ముందు ప్రార్థన చేశాక కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఏసూ, సోమవారం నువ్వు ఎక్కద్దు" అన్నాడు.

అన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. నాయన జరిగింది చెప్పాడు. అమ్మ విశ్వాసమ్మ మజ్జిగ ముంతతో గడప దగ్గర నిలబడిపోయింది.

"సుత్తితో కొట్టినావా?" అన్నాడు అన్న.

"పిడితో."

"నాయనా, అది గనిలో బండ కాదు. దాన్ని చేసినోళ్ళు చూసినారు. మేము చూసినాము. రెండుతూర్లు గాల్లో తిరిగొచ్చినాను దాంతోనే."

"నెర్రె ఉన్న బండ కూడా రెండు తూర్లు బండి ఎక్కుతాది. మూడోతూరి ఇరుగుతాది."

"నీకు తెలీదు నాయనా."

"నాకు తెలీదు. నేను చదువుకోలా. నాకు తెలిసిందొకటే, పలకని దాన్ని నేను ఎత్తను."

ఇద్దరూ అన్నం తిన్నారు.  అన్న చెయ్యి కడుక్కుంటుంటే వదిన చెంబు అందించింది.

"నువ్వు చూసినావా ఆ రెక్కను?" అంది.

"రెండుసార్లు చూసినా."

"మామ వినింది నువ్వు కూడా వినినావా?"

అన్న చెంబు ఇచ్చేసి బయటికి వచ్చాడు. గుడారాల దాకా నేను వెంట నడిచాను. సగం దూరం పోయాక అన్నాడు:

"పాసు రాసింది నువ్వు. తట్టనిచ్చింది నువ్వు. ఈ మాట ఇంక ఎవరి దగ్గరా ఎత్తద్దు. నీ పని పోతే పోనీ, అది చిన్నది. మిలిటరీ సొమ్ము మీద చెయ్యేసినాడని నాయనను తీసుకపోయి కూర్చోబెడతారు."

"నాయన గమ్మునుంటాడా?"

అన్న నడక పెంచాడు.

*

నాయన గమ్మున లేడు. మరునాడు ఆదివారం. గుడిలో ఉపదేశి వాక్యం చెప్పడం అయ్యాక ప్రార్థన కావలసినవాళ్ళు లేచి చెప్పుకోవడం మా సంఘంలో అలవాటు. కాన్పులు, జ్వరాలు, కోర్టు వాయిదాలు చెప్పేవాళ్ళు. నాయన సంఘ పెద్ద. లేచి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా పెద్దోడు రేపు ఇమానమెక్కుతాండాడు. కుడిపక్క పంకాకు మూడు రెక్కలుండాయి. మూడో రెక్క కోసరం ప్రార్థన చేయండి" అన్నాడు.

ఉపదేశి ఒక క్షణం ఆలోచించి, కళ్ళు మూసుకుని, మూడో రెక్క కోసం ప్రార్థన చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. తట్టిన సంగతి నాయన చెప్పలేదు. చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. దాసన్న రెక్క మాట ఎత్తాడంటే విన్నాడనే అర్థం.

గుడి బయట ఆడవాళ్ళు అన్న చుట్టూ చేరారు. జీవమ్మ అవ్వ అన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. "పోవాల్నా నాయనా?" అని నాలుగుసార్లు అడిగింది. ఒకామె గుడ్లు తెచ్చి వదినకిచ్చింది. దూరప్రయాణం పోయేవాడిని చూసినట్టు అందరూ అన్నను చూశారు. అన్న నవ్వుతూ జవాబులు చెప్పాడు. చొక్కా వీపంతా తడిసింది.

రోడ్డు మీద సుంకన్న ఎదురయ్యాడు.

"ఏమప్పా ఏసురాజూ, మీ దేవునికి పంకాల పని కూడా తెల్సునా? మా నరసింహస్వామికి చెప్పమంటావా? అహోబిలం యెంత దూరం, రేపు పొద్దునకు పోయొస్తా."

"ఇద్దరికీ చెప్పు" అన్నాడు అన్న.

సుంకన్న నవ్వబోయి ఆగాడు. అన్న ముఖం చూసి ఎద్దులను అదిలించాడు.

*

సోమవారం పన్నెండు గంటలకు నూటతొమ్మిది. ఒంటిగంటన్నరకు నూటపదకొండు. చటర్జీ థర్మామీటరును రెండుసార్లు చూసి తల ఊపాడు.

గని చెత్త పోసిన గుట్ట మీద ఊరంతా ఎక్కి కూర్చుంది. నాయన వాళ్ళతో లేడు. హద్దు తాడుకు అవతల తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. అక్కడిదాకా రావడానికి పాసు అక్కరలేదు.

బరువు చీటీ మీద ఆఫీసరు సంతకం తీసుకోవాలి కాబట్టి నేను విమానం దగ్గరే ఉన్నాను. డెబ్బై బండలు, ఒక్కొక్కటి ఎనభై ఐదు. ఆరువేలకు యాభై తక్కువ. ఆ యాభైకి ఒక ఇసుక మూట.

ఒంటిగంటా నలభైకి అన్న కొత్త పంకా చూసి ఫారం మీద సంతకం పెట్టాడు. కురువిల్లా పాతదానికి పెట్టాడు. ఒంటిగంటా యాభై ఐదుకు చటర్జీ, రెండో పైలట్ లోపలికి ఎక్కారు. కురువిల్లా ఎక్కాడు. అన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

పెట్టి అలాగే ఉన్నాడు. తర్వాత కాలు దించాడు.

చటర్జీ తలుపు దగ్గరికి వచ్చి, దిగాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను.

"మూడో రెక్క మీద అనుమానంగా ఉంది సార్."

"ఏం అనుమానం?"

"శబ్దం తేడాగా ఉంది."

"ఎవరు విన్నారు?"

"నేనే సార్. వేలితో తట్టి చూశాను."

చటర్జీ తుమ్మచెట్టు వైపు చూశాడు. నాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ చెవి మీ ఇంట్లో అందరికీ ఉందా?"

"ఉంది సార్."

"పదిహేను నిమిషాల క్రితం సంతకం పెట్టావు. అప్పుడు ఈ అనుమానం ఉందా?"

"ఉంది సార్" అన్నాడు అన్న.

"ఫిట్టరుకు అనుమానం ఉంటే నేను ఎగరను. అది రూలు. కానీ అనుమానం పెట్టుకుని సంతకం ఎందుకు పెట్టావో అది నేను రాయాల్సి ఉంటుంది."

"రాయండి సార్."

నేను చీటీ పట్టుకుని నిలబడ్డాను. తట్టింది ఎవరో నాకు తెలుసు. పాసు రాసింది నేను. అన్న నా వైపు ఒకసారి చూశాడు. నేను మాట్లాడలేదు.

రెండో పైలట్, కురువిల్లా కూడా దిగారు. తుమ్మచెట్టు కింద నాయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత గుట్ట వైపు తిరిగి చెయ్యెత్తాడు. గుట్ట మీది జనం లేచారు.

*

పంకా విప్పడానికి ఒక రోజు పట్టింది. రెక్కలను ఒక్కోదాన్నీ భూతద్దం కింద పెట్టి, నూనె రాసి తుడిచి, సున్నపు పొడి చల్లి చూశారు. నెర్రె ఉంటే లోపలి నూనె పొడి మీదికి గీతగా వస్తుంది. ఏ గీతా రాలేదు.

బుధవారం మధ్యాహ్నం కురువిల్లా నన్ను పిలిచి మూడో రెక్క మొదలు చూపించాడు. లోపల బూడిదరంగు ముద్ద ఉంది.

"సీసం. మూడు రెక్కలూ సరిసమానంగా తూగాలి. తక్కువ తూగినదానిలో ఇది పోస్తారు. అందుకే శబ్దం వేరు. మీ అన్నకు ఇది తెలుసు. పుస్తకంలో ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రం పడమట ఉరిమింది. వాన గంటసేపు పడింది. మరునాడు మధ్యాహ్నం ఎండ తొంభై నాలుగు దాటలేదు. జూన్ మూడు దాకా చూశారు. నూరు కూడా దాటలేదు. ఆరువేల పౌన్ల పరీక్ష మా ఊళ్ళో జరగలేదు.

నాలుగో తారీఖు విమానం బెంగుళూరుకు తిరిగి పోయింది. కురువిల్లా అందులో పోయాడు. అన్నను లారీలో రమ్మన్నారు. లారీలో గుడారం గుడ్డలు ఎక్కిస్తుంటే అన్న దగ్గరికి పోయాను.

"సీసమని నీకు తెల్సా?" అన్నాను.

"తెల్సు."

"మరి?"

"మెట్టు మీద కాలు పెట్టినా. నాయన తలగుడ్డ తీసి పట్టుకోనుండాడు, గుడిలో మాదిరి. ఇంక కాలు లేయలా." గుడ్డ మడత సరిచేశాడు. "నాయనకు చెప్పద్దు. వినింది నిజమే గదా, తేడా ఉండె గదా."

*

నాయన ఆ జూన్ నెలంతా సంతోషంగా ఉన్నాడు. మిలిటరీ దొర తన చెవిని నమ్మి విమానం ఆపాడని ఆయన అనుకున్నాడు. ఊరు కూడా అదే అనుకుంది. గనికి వచ్చిన బేరగాళ్ళకు సుంకన్న ఆ కథ చెప్పేవాడు. ప్రతిసారీ రెక్క పొడవు ఒక అడుగు పెరిగేది.

జూన్ ఇరవై రెండున వదిన ఆడబిడ్డను కన్నది. నాయన బిడ్డను ఒళ్ళో వేసుకుని, "మీ నాయనను నేనే దించినా తల్లీ" అనేవాడు. వదిన వినీ విననట్టు ఉండేది. అమ్మకు, నాకు, వదినకు బెంగుళూరు నుంచి అన్న రాసిన ఉత్తరం సంగతి తెలుసు. మూడో పట్టీ రాలేదు. క్వార్టర్సు లేదు. విమానం పనికి పనికిరాడని రాసి స్టోరులో వేశారు. అదే పంకాతో ఆరువేల పరీక్ష ఇంకో చోట అయిపోయింది. రెక్కకు ఏమీ కాలేదు. నాయనకు నేను ఆ ఉత్తరంలో ఆరోగ్యం వరకే చదివి వినిపించాను.

జూలై మూడో వారం. ఒక రోజు నాయన పన్నెండింటికే గని నుంచి ఇంటికి వచ్చాడు. చేతిలో బండముక్క ఉంది. అరుగు మీద పెట్టి కూర్చున్నాడు.

"దావీదూ, ఇది సూడు."

చూశాను. బండ పగిలిన చోట నడుమ నిమ్మకాయంత గడ్డ ఉంది. ఇత్తడి రంగు. ఎత్తితే బరువు తెలిసింది. మా గనిలో ఎప్పుడైనా ఒకటి పడే ఇనుపరాయి.

"పొద్దున దీన్ని తట్టినా. ఆ మూడో రెక్క పలికినట్టే పలికింది. మూగదని పక్కనేసినా. మళ్ళా ఎందుకో ఇరగ్గొట్టి సూసినా. యాడా నెర్రె లేదు. బరువుండాది, అంతే."

నేను ముక్కను మళ్ళీ అరుగు మీద పెట్టాను.

"ఆ రెక్కలో ఏమన్నా బరువు పెట్టింటారా?"

అన్న చెప్పద్దన్నాడు. వదిన బిడ్డను ఎత్తుకుని గడపలోకి వచ్చింది. నన్ను చూసింది.

"సీసం పోసింటారు నాయనా" అన్నాను.

"ఏసుకు తెల్సా?"

"తెల్సు."

"తెల్సీ ఎట్ల దిగినాడు?"

అంతా చెప్పాను. తట్టింది తానేనని అన్న చెప్పిన మాట, ఆఫీసరు రాసిన మాట, స్టోరు, పట్టీ.  అయిపోయాక నాయన సుత్తిని తీసుకుపోయి గూట్లో దీపం వెనక పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు.

"కాగితం తీసుకో. ఆ దొరకు ఇంగిలీసులో రాయి. తట్టింది నేనని రాయి. నా కొడుకు తట్టలేదు, నా మాటకు దిగినాడు, వానికి అనుమానం లేదు. అట్ల రాయి."

రాశాను.

"సెంట్రీ సూడకుండా దొంగగా దూరినానని రాయి."

"పాసు నేను రాసిస్తి గదా నాయనా."

"పాసు సంగతి రాయద్దు."

"అది నిజం కాదు గదా."

"ఒక కొడుకు పని నా వల్ల పోయె. రెండోవాని పేరు కాగితంలో ఎందుకు? రాయి."

నేను అలాగే రాశాను.

వేలికి మసి పూసుకుని కింద ముద్ర వేశాడు. ఆరేదాకా కాగితాన్ని ఎండకు పట్టుకున్నాడు. కవరులో పెట్టి పోస్టులో వేస్తానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"సంతకం పెట్టినోడే ఎక్కాలని గదా వాళ్ళ రూలు" అన్నాడు.

మరునాడు ఎర్రగుంట్లలో గుంతకల్లు బండి కోసం నిలబడ్డాం. అక్కడ దిగి బెంగుళూరు బండి ఎక్కాలి. తోడు వస్తానంటే వద్దన్నాడు. అమ్మ కట్టిచ్చిన సద్ది ఒక చేతిలో, కవరు చొక్కా లోపల. ముప్పై ఏళ్ళుగా ఆ స్టేషన్లో వ్యాగన్లకు బండలు ఎక్కించిన మనిషి. రైలు ఎక్కడం అదే మొదటిసారి.

బండి వచ్చింది. పెట్టె ముందు నిలబడి, తలుపు పక్క చెక్కను తట్టడానికి వేళ్ళు ముడిచాడు. తట్టలేదు. చెయ్యి దించి, కమ్మీ పట్టుకుని ఎక్కాడు.